పాతిక సగటు... అయినా సీకేకే నా ఓటు

7 టెస్టులు. 350 పరుగులు. ఒక్క సెంచరీ లేదు, అత్యధిక స్కోరు 81. సగటు సరిగ్గా 25. బౌలింగ్‌లో 9 వికెట్లు. కెప్టెన్‌గా 4 టెస్టులు ఆడితే 3 ఓడిపోయాం, 1 డ్రా. గెలుపు సున్నా.

పేరు దాచేసి ఈ అంకెలు మాత్రమే మీ ఫోన్‌లో పెట్టి, "ఈయన్ని ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవచ్చా?" అని అడిగితే ఏమంటారు? రంజీ టీమ్‌లో కూడా కష్టమే అంటారు. నవ్వేసి పక్క రీల్‌కి వెళ్ళిపోతారు.

ఇప్పుడు పేరు చెప్తాను. కొఠారి కనకయ్య నాయుడు. అందరికీ తెలిసిన పేరు సీకే నాయుడు. ఇండియా టెస్టు జట్టుకి మొట్టమొదటి కెప్టెన్. పుట్టింది నాగపూర్‌లో, 1895 అక్టోబర్ 31న. కుటుంబం మూలాలు మన మచిలీపట్నంలో. బీసీసీఐ ఏటా ఇచ్చే జీవన సాఫల్య పురస్కారం ఈయన పేరు మీదే. కుర్రాళ్ళు ఆడే అండర్-23 జాతీయ టోర్నీ కప్పు మీదా ఈయన పేరే.

ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం ఆయన పేరు లేదు.

2025లో ధోనీని చేర్చుకున్నాక అందులో మనవాళ్ళ లెక్క 11కి చేరింది. బేడీ, గవాస్కర్, కపిల్, కుంబ్లే, ద్రావిడ్, సచిన్, వినూ మన్కడ్, సెహ్వాగ్, డయానా ఎడుల్జీ, నీతూ డేవిడ్, ధోనీ. వీళ్ళలో బేడీ, గవాస్కర్, కపిల్, సచిన్ సీకే పేరున్న ఆ బీసీసీఐ పురస్కారం అందుకున్నవాళ్ళే. ఆయన పేరున్న అవార్డు తీసుకున్నవాళ్ళు లోపల, ఆయన గుమ్మం బయట. చిత్రంగా లేదూ?

నా మాట ముందే చెప్పేస్తాను. సీకే లోపల ఉండాలి. అయితే "మన తెలుగోడు కాబట్టి" అని కాదు. ఆ హాల్ ఇదివరకు పెట్టుకున్న కొలతల ప్రకారమే ఉండాలి. ఎలాగో చూద్దాం.

36 ఏళ్ళ లెక్క

విరాట్ కోహ్లి టెస్టులకి గుడ్‌బై చెప్పింది 2025 మేలో. అప్పటికి అతని వయసు 36. చేతిలో 123 టెస్టులు, 9,230 పరుగులు, 30 సెంచరీలు.

సీకే నాయుడు తన మొదటి టెస్టు ఆడింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో. అప్పటికి ఆయన వయసు? అదీ 36 ఏళ్ళే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కోహ్లి కొట్టిన ఆ 30 సెంచరీలూ చెరిపేద్దాం. అడిలైడ్ లేదు, పెర్త్ లేదు, ఏదీ లేదు. "బాబూ, ఇవాళ్టి నుంచి లెక్కపెడతాం, ఆడు" అందాం. 40 ఏళ్ళ దాకా ఆడించి, వచ్చిన సగటు చూసి "పెద్ద గొప్పేం కాదు" అని తీర్పు చెప్దాం. కోహ్లి ఫ్యాన్స్ ఊరుకుంటారా?

సీకేకి జరిగింది అదే. ఆయన 1916లోనే ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లోకి వచ్చాడు. బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నీలో, హిందూస్ జట్టు తరఫున. అప్పటి నుంచి 1932 దాకా, అంటే 16 ఏళ్ళు, ఒక బ్యాటర్ బతుకులో బంగారంలాంటి కాలమంతా, ఇండియాకి టెస్టు జట్టే లేదు. ఆయన ఫామ్‌లో లేక ఆడకపోవడం కాదు. ఆడటానికి టెస్టు మ్యాచే లేదు.

మరి ఆ 7 టెస్టులూ ఏ వయసులో ఆడాడు? 36 నుంచి 40 మధ్య. చివరిది 1936లో ఓవల్‌లో. అందులో గబ్బీ అలెన్ వేసిన బంతి వచ్చి ఒంటికి బలంగా తగిలింది. ఇప్పటిలా ప్యాడింగూ లేదు, హెల్మెట్టూ లేదు. బయటికి వెళ్ళలేదు. నిలబడి 81 కొట్టాడు. ఆయన టెస్టు అత్యధిక స్కోరు అదే. 40 ఏళ్ళ మనిషి, ఆఖరి టెస్టులో.

మా మేనల్లుడి వాదన

మా రావులపాలెంలో క్రికెట్ మీద వాదన మొదలైతే బస్సు వెళ్ళిపోయినా ఎవరూ లేవరు. ఈ విషయం మా మేనల్లుడి దగ్గర ఎత్తాను. వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అంకెలు లేకుండా మాట్లాడడు.

"మావయ్యా, మీరు చెప్పేది బానే ఉందండి. కానీ అంకెలు వదిలేస్తే ఇంకేం మిగులుతుందండి? రేపు ప్రతి ఊళ్ళోనూ ఒకాయన లేచి, మా తాత బ్రాడ్‌మన్‌కి తక్కువేం కాదు, ఛాన్స్ రాలేదంతే అంటాడు. ఆయన్నీ హాల్‌లో పెట్టేస్తారా?"

మంచి ప్రశ్న. ఇది తేలకుండా మిగతాదంతా ఎమోషనే అవుతుంది. "గొప్పోడే, పాపం ఛాన్స్ రాలేదు" అనే మాట మనం చాలామంది గురించి అనుకుంటాం. కొందరి విషయంలో నిజం, కొందరి విషయంలో ఇంటి అభిమానం. ఏది ఏదో తేల్చడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను.

ఒకటి, తలుపు మూసి ఉండటం ఆయన చేతిలో ఉందా, లేదా? రెండు, దొరికిన చోట, గట్టి ప్రత్యర్థుల మీద, ఆడినట్టు రాతపూర్వకంగా రుజువుందా? మూడు, ఆయన వల్ల ఆటలో ఏదైనా మారిందా?

ఊళ్ళో తాతగారు మొదటి ప్రశ్న దాటొచ్చు. రెండో దాని దగ్గర ఆగిపోతారు. సీకే విషయంలో మొదటి దానికి జవాబు పైన చూశాం. ఇక మిగతా రెండూ.

ఆ 11 సిక్సర్లు

1926 నవంబర్ 30. బొంబాయి జింఖానా గ్రౌండ్. ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. కెప్టెన్ ఆర్థర్ గిల్లిగాన్. అతను అంతకుముందు ఇంగ్లండ్ టెస్టు జట్టుకి కెప్టెన్‌గా చేసినవాడు. మారిస్ టేట్, జార్జ్ గీరీ లాంటి టెస్టు బౌలర్లతో వచ్చిన జట్టది. మొదట బ్యాటింగ్ చేసి 363 కొట్టింది. గై ఎర్ల్ అనే బ్యాటర్ సిక్సర్లు బాది సెంచరీ చేశాడు.

మర్నాడు హిందూస్ తరఫున సీకే దిగాడు. 153 పరుగులు. రెండు గంటలు కూడా పట్టలేదు. అందులో 11 సిక్సర్లు. ఒకటి జింఖానా కప్పు మీద పడింది. జనం చెట్లెక్కి, మేడలెక్కి చూశారని చెప్తారు. ఎంసీసీ వాళ్ళు ఆ ఇన్నింగ్స్‌కి మెచ్చి వెండి బ్యాటు బహుమతిగా ఇచ్చారు.

ఐపీఎల్‌లో 11 సిక్సర్లు చూసిన కళ్ళకి ఇది పెద్దగా ఆనకపోవచ్చు. కానీ అప్పటి బ్యాట్లు, అప్పటి పిచ్‌లు, పైగా అది 1926. దేశాన్ని ఏలుతున్న దొరల జట్టు వచ్చి ఆడుతుంటే, రాజు కాదు, రాజుగారి అబ్బాయి కాదు, మామూలు మనిషి ఒకడు వాళ్ళ బౌలింగ్‌ని మేడ కప్పు ఎక్కించాడు.

ఆ మ్యాచ్ స్కోరుబోర్డుతో ఆగలేదు. ఇక్కడివాళ్ళు టెస్టు క్రికెట్ ఆడగలరన్న నమ్మకంతో గిల్లిగాన్ తిరిగి వెళ్ళాడు. అంతకంటే ముందు, మీకంటూ ఒక బోర్డు పెట్టుకోండని ఇక్కడి పెద్దల్ని ప్రోత్సహించాడు. 1928 డిసెంబర్‌లో బీసీసీఐ పుట్టింది. 1932లో టెస్టు హోదాతో లార్డ్స్‌లో దిగాం. ఇదంతా ఒక్క ఇన్నింగ్స్ వల్లే అనను. చాలామంది తిరిగారు, డబ్బు పెట్టారు. కానీ "వీళ్ళు ఆడగలరా?" అన్న ప్రశ్నకి గ్రౌండ్‌లో జవాబు చెప్పింది సీకే.

తను ఆడాల్సిన తలుపుని తనే తోసి తెరిచాడు. తెరుచుకునేసరికి వయసు 36.

ఇంగ్లండ్‌లో ఒక వేసవి

1932 టూర్‌కి పేరుకి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా. ఆ రోజుల్లో కెప్టెన్ అంటే రాజుగారే అవ్వాలి. అయితే ఆయన తన ఆట సంగతి తనకి తెలిసిన మనిషి. టెస్టుకి పక్కకి తప్పుకున్నాడు. సీకే టాస్‌కి వెళ్ళాడు.

ఆ టెస్టులో ఇంగ్లండ్ స్కోరు ఒక దశలో 3 వికెట్లకి 19. మహమ్మద్ నిసార్ 5 వికెట్లు తీశాడు. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. మొదటి ఇన్నింగ్స్‌లో మన టాప్ స్కోరర్ ఎవరు? 40 పరుగులతో సీకే. అదీ ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలాక.

స్కోర్‌కార్డ్‌లో 40, 10 అని ఉంటుంది. టెస్టు సగటు లెక్కకి అంతే దొరికింది. కానీ ఆ టూర్ మొత్తం చూడండి. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, సగటు 40 దాటి. దానికి తోడు 65 వికెట్లు. ఇంగ్లండ్ పిచ్‌ల మీద, కౌంటీ బౌలర్ల మీద, 36 ఏళ్ళ వయసులో, మొదటిసారి ఆ దేశానికి జట్టుతో వెళ్ళిన మనిషి. విజ్డెన్ పుస్తకం 1933లో ఆ ఏటి అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ఆయన్ని ఎంచింది. అంతకుముందు రంజీ, దులీప్, పటౌడీ ఆ గౌరవం పొందారు గానీ వాళ్ళు ఆడింది ఇంగ్లండ్‌కి. ఇండియా తరఫున ఆడి పొందినవాడు సీకేనే మొదట.

ఆ టూర్‌లో ఒక సిక్సర్ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. బర్మింగ్‌హామ్‌లో ఎడ్జ్‌బాస్టన్ గ్రౌండ్ పక్కనే రే నది. అప్పట్లో అది రెండు కౌంటీలకి సరిహద్దు. సీకే కొట్టిన బంతి నది దాటి పక్క కౌంటీలో పడిందట. మనవైపు లెక్కలో చెప్పాలంటే, వశిష్ఠ ఇవతల గట్టు మీంచి కొడితే సిద్ధాంతంలో పడ్డట్టు. బంతి కోనసీమ జిల్లాలో బయల్దేరి పశ్చిమ గోదావరి జిల్లాలో దిగినట్టు. కంగారు పడకండి, రే నది మన గోదారంత ఉండదు. మన కాలవలకి చుట్టం. అయినా సిక్సర్ సిక్సరే.

మొత్తం మీద ఫస్ట్ క్లాస్‌లో సీకే 207 మ్యాచ్‌లు ఆడి 11,825 పరుగులు చేశాడు. 26 సెంచరీలు. 411 వికెట్లు. కాబట్టి మా మేనల్లుడూ, మనం అంకెలు వదలట్లేదు. ఇంకా ఎక్కువ అంకెలు చూడమంటున్నాం.

హాల్ సొంత కొలత ఏంటి?

ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ 2009లో మొదలైంది. ఆట మానేసి అయిదేళ్ళు అవ్వాలి. బ్యాటర్లకి మామూలుగా చెప్పే కొలత 8,000 పరుగులు, 20 సెంచరీలు, లేదంటే 50 దాటిన సగటు. మన వీవీఎస్ లక్ష్మణ్‌కి 8,781 పరుగులున్నాయి, సెంచరీలు 17, సగటు 45.97. ఈడెన్ గార్డెన్స్‌లో ఆ 281 ఉన్నా సరే, ఈ కొలబద్ద మీద మూడు సెంచరీలు తక్కువ. మొదటి ఓటు లక్ష్మణ్‌కే వెయ్యాలి అనే తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. నాకూ ఇష్టమే. కానీ లక్ష్మణ్‌కి 134 టెస్టులు దొరికాయి. సీకేకి దొరికినవి 7.

ఇక్కడే అసలు పాయింటు. ఆ కొలతని హాల్ అందరికీ ఒకేలా వాడలేదు. వాడకపోవడమే మంచిదైంది.

దక్షిణాఫ్రికా ఆటగాడు బ్యారీ రిచర్డ్స్ హాల్‌లో ఉన్నాడు. మొదటి బ్యాచ్‌లోనే తీసుకున్నారు. ఆడిన టెస్టులెన్నో తెలుసా? 4. వర్ణవివక్ష వల్ల దక్షిణాఫ్రికాని 1970 తర్వాత ఆట నుంచి వెలేశారు. అతని టెస్టు కెరీర్ అక్కడితో ఆగింది. కౌంటీల్లో, మిగతా చోట్లా అతను ఆడింది చూసి, 4 టెస్టులు చాలన్నారు. సరే, ఆ నాలుగింటిలో అతని సగటు 72. మరి సగటు లేనివాళ్ళు?

2021లో టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ సందర్భంగా పదిమందిని ఒకేసారి చేర్చుకున్నారు. ఒక్కో కాలం నుంచి ఇద్దరు. మన వినూ మన్కడ్ అప్పుడే వెళ్ళాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం, అంటే సరిగ్గా సీకే కాలం నుంచి వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్‌ని తీసుకున్నారు. అతని టెస్టు అంకెలు చూడండి. 18 టెస్టులు, 635 పరుగులు, సగటు 19.24. వికెట్లు 58, ఒక్కోదానికి 30 పరుగులు.

19 సగటుతో హాల్‌లోకి ఎలా వెళ్ళాడు? వెళ్ళాల్సినవాడే కాబట్టి. ఫీల్డింగ్‌లో అతన్ని మించినవాడు లేడన్నారు. వెస్టిండీస్ మొదటి టెస్టు నుంచీ జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్ లీగ్ క్రికెట్‌లో జనాన్ని ఊపేశాడు. నల్లవాడని గది ఇవ్వని లండన్ హోటల్ మీద కేసు వేసి గెలిచాడు. 1969లో బ్రిటన్ ఎగువ సభలో కూర్చున్నాడు. అతన్ని తీసుకున్నప్పుడు ఐసీసీ ఒక విషయం ఒప్పుకున్నట్టే. కొందరి గొప్పతనం టెస్టు సగటు అనే డబ్బాలో పట్టదని.

ఒప్పుకున్నాక అదే కాలం వాడు, అదే పరిస్థితి వాడు, కొత్తగా టెస్టుల్లోకి వచ్చిన జట్టుకి ముఖమైనవాడు సీకే దగ్గరికొచ్చేసరికి డబ్బా మళ్ళీ ఎందుకు తీస్తున్నారు? రావులపాలెం అరటి యార్డులో చక్రకేళీ గెలకి ఒక ధర, కర్పూరం గెలకి ఒక ధర. ఎవరూ కాదనరు. కానీ రెండు చక్రకేళీ గెలలకి రెండు న్యాయాలంటే గొడవైపోద్ది.

బేస్‌బాల్ వాళ్ళు ఏం చేశారు?

ఈ తగాదా మనకే కాదు. అమెరికాలో బేస్‌బాల్‌కి పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో. అందులోకి వెళ్ళాలంటే ఓటు వేసే విలేకరుల్లో 75 శాతం మంది ఒప్పుకోవాలి. ఎవరు లోపల, ఎవరు బయట అని ప్రతి ఏడూ వాళ్ళు కొట్టుకుంటారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల్ని అడగండి, చెప్తారు.

వాళ్ళ పెద్ద లీగుల్లో 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా నల్లజాతి ఆటగాళ్ళకి చోటు లేదు. వాళ్ళు వేరే లీగుల్లో ఆడారు. వాటిని నీగ్రో లీగులనేవారు. జాష్ గిబ్సన్ అనే భయంకరమైన హిట్టర్ ఉండేవాడు. 1947 జనవరిలో చనిపోయాడు. మరో మూడు నెలలకి రాబిన్సన్ మైదానంలో దిగాడు. అంటే గిబ్సన్‌కి పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా లేదు. అయినా 1972లో అతన్ని హాల్‌లోకి తీసుకున్నారు. 2024లో ఆ లీగుల అంకెల్ని అధికారిక రికార్డుల్లో కలిపేశారు. కలపగానే ఏమైంది? జీవితకాల బ్యాటింగ్ సగటులో గిబ్సన్ అందరికన్నా పైకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ అంకెలు కొత్తగా పుట్టలేదు. ఎప్పుడూ ఉన్నాయి. లెక్కలోకి తీసుకోలేదంతే.

ఇంకొకాయన బక్ ఓ'నీల్. ఆ లీగుల్లో ఆడాడు, వాటి కథని దేశమంతా తిరిగి చెప్పాడు. 2006లో ఆ కాలం వాళ్ళు 17 మందిని ఒకేసారి హాల్‌లోకి తీసుకున్నారు. ఆయనకి మాత్రం ఓట్లు చాలలేదు. ఆయన అలగలేదు. ఆ వేడుకకి వెళ్ళి, ఆ 17 మంది తరఫున నిలబడి మాట్లాడాడు. అదే ఏడు అక్టోబర్‌లో చనిపోయాడు. 2022లో తీసుకున్నారు. ఆయన చూడలేదు.

మనకి టెస్టు జట్టు లేకపోవడం, అక్కడి వర్ణ నిషేధం ఒకటే అనట్లేదు. తలుపు మూసిన చేతులు వేరు, కారణాలు వేరు. కానీ మిగిలిన చిక్కు ఒకటే. ఆడే వయసులో ఆటగాణ్ణి బయట నిలబెట్టి, తర్వాత "నీ రికార్డేది?" అని అడగడం.

ఎదురు వాదనలు

"తెలుగోడని రాస్తున్నావు" అంటారు కొందరు. అదే అయితే 1936లో మన జట్టు కెప్టెన్ విజ్జీ గారు విజయనగరం రాజవంశం బిడ్డ. పక్కా తెలుగు రాజుగారు. 3 టెస్టుల్లో 33 పరుగులు. ఆ టూర్‌లో లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశారు. టిఫిన్ దగ్గర సీకేని అందరి ముందూ అవమానించినందుకే బాకా జిలానీ అనే ఆటగాడికి టెస్టు క్యాప్ దక్కిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలుగు అభిమానమే కొలతైతే విజ్జీ గారికి కూడా ఓటేయాలి. నేనైతే వెయ్యలేను బాబూ.

"కెప్టెన్‌గా ఒక్కటీ గెలవలేదు కదా?" నిజమే. టెస్టుల్లో గెలవలేదు. హోల్కర్ మహారాజు పిలిచి ఇండోర్‌లో ఉంచుకుని, తన సైన్యంలో హోదా ఇచ్చాడు. ఆ హోల్కర్ జట్టు సీకే నాయకత్వంలో రంజీ ట్రోఫీ 4 సార్లు గెలిచింది. 1933లో బొంబాయి టెస్టులో అమర్‌నాథ్ ఇండియాకి మొదటి టెస్టు సెంచరీ కొట్టినప్పుడు అవతలి వికెట్ దగ్గర నిలబడి 186 పరుగుల భాగస్వామ్యం చేసింది కెప్టెన్ సీకేనే. తనవి 67. ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలోకి వచ్చిన 1953-54లో కెప్టెన్ ఎవరు? 58 ఏళ్ళ సీకే. రంజీలో ఆఖరి సీజన్ ఉత్తరప్రదేశ్‌కి ఆడాడు, 61 ఏళ్ళ వయసులో. ఆ వయసుకి మనవాళ్ళు మోకాళ్ళ డాక్టర్ని వెతుక్కుంటారు.

"విజయ్ మర్చంట్ సంగతేంటి? ఫస్ట్ క్లాస్ సగటు 71 కదా, బ్రాడ్‌మన్ తర్వాత ఆయనే కదా?" ఈ వాదనకి నేను తలొగ్గుతాను. మర్చంట్ కూడా ఉండాలి. బ్యాటర్లుగా పోలిస్తే మర్చంటే మెరుగు. కానీ ముందు ఎవరంటే సీకే. మర్చంట్ తెరిచిన తలుపులోంచి వచ్చాడు. తెరిచినవాడు సీకే. మూడో ప్రశ్న అందుకే పెట్టుకున్నాను.

"అవార్డుంది, ట్రోఫీ ఉంది, 1956లో పద్మభూషణ్ ఇచ్చారు, 1996లో పోస్టల్ స్టాంపు వేశారు. ఇంకేం కావాలి?" ఇంట్లో గౌరవం ఉంది, ఒప్పుకుంటా. కానీ ఐసీసీ హాల్ ప్రపంచానికి చెప్పే కథ. క్రికెట్ ఎవరి ఆట, ఎలా పెరిగింది అని రేపు ఏ దేశం పిల్లాడు చదువుకున్నా అక్కడే మొదలుపెడతాడు. ఇవాళ ఆటలో సగం పైన డబ్బు మన దగ్గర్నుంచే వెళ్తోందని గొప్పలు చెప్పుకుంటాం. ఆ దేశం టెస్టు కథలో మొదటి పేజీ ఆ గోడ మీద లేదు. గవాస్కర్ నుంచి, బేడీ నుంచి మొదలైనట్టుంది. మన్కడ్ వెళ్ళాక కొంచెం వెనక్కి జరిగింది. మొదటి పేజీ ఇంకా ఖాళీ.

ఇప్పుడెందుకు?

హాల్‌కి ఓటు మన చేతిలో లేదు. ఇప్పటికే అందులో ఉన్నవాళ్ళు, విలేకరులు, ఐసీసీ పెద్దలు వేస్తారు. కానీ ఆ పేరు బల్ల మీదికి తీసుకెళ్ళగలిగిన బలం బీసీసీఐకి ఉంది. గట్టిగా అడిగే హక్కు ఆంధ్రా క్రికెట్ సంఘానికుంది. వాళ్ళ మొదటి రంజీ కెప్టెన్ ఆయన. సీకే కూతురు చంద్ర నాయుడు 1977లోనే మైకు పట్టి, దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. తండ్రి మీద పుస్తకం రాశారు. 2021లో ఆవిడా వెళ్ళిపోయారు. నాన్న పేరు అక్కడ చూసుకోవాల్సిన మనిషే లేకుండాపోయింది.

మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. ఫోన్‌లో ఎవరి సగటైనా కనపడగానే తీర్పు చెప్పేముందు, అతనికి ఆట ఏ వయసులో దొరికింది, ఎన్ని మ్యాచ్‌లు దొరికాయి అని ఒక్కసారి కిందికి జరిపి చూడటం. సీకే విషయంలోనే కాదు. మన ఊళ్ళ నుంచి ఆలస్యంగా అకాడమీకి వెళ్ళిన కుర్రాడి విషయంలో, అసలు టీమే లేని రోజుల్లో ఆడిన అమ్మాయిల విషయంలో కూడా.

తేదీలు గుర్తుపెట్టుకోండి. 2026 డిసెంబర్ 1కి ఆ 153కి వందేళ్ళు. 2032 జూన్ 25కి లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి వందేళ్ళు. ఆ రోజు పెద్ద పండగే చేస్తారు. సూట్లు వేసుకుని లార్డ్స్ బాల్కనీలో ఫొటోలు దిగుతారు. ఆలోపు ఆ మొదటి కెప్టెన్ పేరు హాల్ గోడ ఎక్కకపోతే, ఆ పండగ ఎవరికి చేస్తున్నట్టు?